ముదిరినంక రా

గుంతల కూసుంటే నాకు నా కాళ్లు కనవడవు.
నలభై యేండ్లు అట్లనే నడిసింది.
చేతులది పేరు, కాళ్లది పని.
కొత్తవాడల ఏ మగ్గమన్నా చూడుండ్రి,
జంపఖానా మీద నెమలిని దింపేటోడు
కింద చీకట్ల తొక్కుతనే ఉంటడు.

ఇప్పుడా ఎడమకాలికి సోయి లేదు.
చెప్పు జారిపోతే, పోచమ్మ మైదాను కాడ
చాయ్ బండి పోరడు పిలిచి చెప్పిండు:
"బాపూ, నీ చెప్పు ఎన్కనే ఉన్నది."
గప్పుడు తెలిసింది.
బొటనేలు కింద ఆనె, ఆనె కింద పుండు,
పుండు కింద ఏమున్నదో
ఎంజీఎంల చిన్న డాక్టరమ్మ
సన్న పుల్ల పెట్టి చూసింది, మాట్లాడలే.

సంఘపోళ్లు తీసిచ్చిన బీమా ఉండె.
పసుపు అంచు కాయితాలు, ముప్పై రెండు పేజీలు,
పెండ్లి ఫొటో ఎన్క దాచిన.
పక్కింటి వడ్నాల ప్రణీత డిగ్రీ సదువుతది.
కండెలు చుట్టే సాంబలక్ష్మి పక్కన కూసోని
ఒక్కొక్క ముక్క మా మాటలకు దించింది.

ఇరవై నాలుగు గంటలు దవాఖాన మంచం మీద పండితె ఇస్తరట.
కట్టు కట్టిచ్చుకోని ఇంటికొస్తె ఇయ్యరట.
ఆనె చెక్కితె రాదు. గోరు తీస్తె రాదు.
డాక్టరమ్మ రాసిన మెత్త రబ్బరు చెప్పులు
"సౌకర్యం" కిందికి వస్తయట.
సౌకర్యం!
ఆ మాట మల్లొకసారి చదివిచ్చుకున్న.
షుగరు ఎన్నేండ్ల సంది ఉన్నదో చెప్పాలెనట,
నాకే తెల్వనిది కాయితం అడుగుతది.

ప్రణీత పేజీ తిప్పి ఆగింది.
"తాతా, వేలు తీసేస్తె ఇస్తరు.
పాదం తీసేస్తె ఇంకా ఎక్కువిస్తరు."
సాంబలక్ష్మి చేతిల రాట్నం ఆగింది.
నాకు నవ్వొచ్చింది, ఏం జెయ్యాలె.
ఉన్న కాలు నాది, పోయిన కాలు కంపెనీది.

హన్మకొండ ఆఫీసుకు పోయినం.
అద్దం ఎన్కున్న పిలగాడు యాకూబ్ పాషా మంచోడే.
కుర్చీ ఏసిండు, నీళ్లిచ్చిండు,
కంప్యూటర్ల నా పేరు దొరకవట్టిండు.
ఆఖరుకు గొంతు తగ్గిచ్చి అన్నడు:
"ఇప్పుడైతే ఏం రాదు పెద్దయ్యా. ముదిరినంక రా."

పడుగుల పోగు తెగితె అక్కడికక్కడ ముడేస్తం.
బట్టంత చినగనీ, అప్పుడు కోద్దామని
మా ఇండ్లల్ల ఎవ్వలూ అనంగ ఇనలే.
యాకూబ్‌కు ఇది చెప్పలే. వాని నౌకరి వానిది.

రబ్బరు చెప్పులకు రెండు జంపఖానాల కూలి పోయింది.
రోజూ పొద్దుమీకి సాంబలక్ష్మి
నేను గడ్డం గీసుకునే అద్దాన్ని అరికాలు కింద పెడ్తది,
సెల్‌ఫోను లైటు ఏస్తది.
"ఎర్రగున్నదా?" అంటె
"నీ మొకం. కదలకు" అంటది.
ఇన్నేండ్లకు నా అరికాలును నేను చూస్తున్న.
దానికీ గీతలున్నయి, అరచేతికున్నట్టే.
ఎవ్వలూ పట్టి చూడలే.

పొద్దుగాల మల్ల గుంతల దిగిన.
నెల దాక వద్దన్నది డాక్టరమ్మ, ఇయ్యాల పదో దినం.
కట్టు మీద గుడ్డ చుట్టి
ఎడమకాలు తొక్కుడుకర్ర మీద పెట్టిన.
ఆనిందో లేదో కాలు చెప్పలే.
పడుగు రెండుగ ఇడివడి నడుమ తొవ్వ తెరిచింది.
గప్పుడు తెలిసింది, తొక్కిన్నని.