మూడు గంటలకి

నా మెడలో నల్లదారం చూసి
బస్సు నడిపే వర్కునే టికెట్టు అడగడం మరిచాడు.
"ఆదివారం. మూడు గంటలకి.
బర్చ్ వీధి లూథరన్ చర్చి, కింది గది."
వెనక ఎవరో హారన్ కొట్టారు.
అంతే మా మాటలు.

విన్నిపెగ్ వచ్చి పద్నాలుగు నెలలు.
హోటల్ నేలమాళిగలో రాత్రంతా ఊరివాళ్ళ దుప్పట్లు ఉతుకుతాను.
అన్ని తెలుపుల మధ్య
నా నూలు నెతెలా పెట్టె అడుగున పసుపెక్కిందని
శనివారం దాకా చూసుకోలేదు.
ఉతికి హీటరు మీద ఆరేశాను.

రెండున్నరకే వెళ్ళాను. మోకాలి లోతు మంచు.
మెట్ల దగ్గర ఒక్క బూటు లేదు.
అప్పుడే అనుమానం రావాలి నాకు.
మావాళ్ళున్న చోట
మనుషులకన్నా ముందు చెప్పులు కనిపిస్తాయి.

లోపల ఐనార్ అనే ముసలాయన నేల తుడుస్తున్నాడు.
"వాళ్ళా? చీకటితోనే వచ్చారమ్మా,
మధ్యాహ్నానికి వెళ్ళిపోయారు.
ఆ సాంబ్రాణి పొగకి అలారం మోగకుండా
వారం వారం నేనే ఆపి పెడతాను."
ఫిర్యాదులా లేదు.
కోడలి వంటలో కారం గురించి
మావగారు చెప్పుకున్నట్టుంది.

తెరల్లో పొగ ఇంకా ఉంది.
ఊపిరి పీల్చాక తట్టింది.

మూడంటే మా మూడు.
పొద్దు పొడిచిన దగ్గర్నుంచి లెక్కపెట్టే మూడు.
గోండార్‌లో గోడ మీద నీడ చూసి
మా అమ్మ పాలు దించే మూడు.
వర్కునే మా గడియారంలో చెప్పాడు,
నేను వీళ్ళ గడియారంలో విన్నాను.

మాట మరిచిపోతానేమోనని ఇన్నాళ్ళూ భయం.
యంత్రాల హోరులో గొంతెత్తి
దావీదు కీర్తనలు చదువుకునేదాన్ని.
మాట ఎక్కడికీ పోలేదు.
అంకె పోయింది.
దానికి కాపలా పెట్టాలని నాకు తోచలేదు.

కుర్చీలో కూలబడ్డాను. ఏడ్చానేమో కూడా.
ఐనార్ తలుపు వెనక అతికించిన కాగితం చూపించాడు.
వంకర అక్షరాలు: వాళ్ళ మూడు, మన తొమ్మిది.
"మొదటి వారం నేనూ ఇంతే.
మధ్యాహ్నం మూడింటికి తాళం తీద్దామని తీరిగ్గా వచ్చాను.
నలభైమంది, పిల్లలతో సహా,
పొద్దుటి నుంచీ మంచులో నిలబడి పాడుతున్నారు.
ఒక్కరూ నన్ను తిట్టలేదు.
తిట్టుంటే బాగుండేది."

తనకోసం వాళ్ళు వదిలి వెళ్ళిన రొట్టె
గుడ్డ విప్పి సగం తుంచాడు.
నల్లజీలకర్ర వాసన.
ఇద్దరం చీపురుకట్ట పక్కన కూర్చుని తిన్నాం.
ఆయనకి మా భాష రాదు, నాకు వాళ్ళ దేవుడి పాటలు రావు.
రొట్టె కొంచెం గట్టిపడింది.

మరుసటి వారం డ్యూటీ దిగి తిన్నగా వెళ్ళాను.
మెట్లన్నీ బూట్లు,
ఒకదాని మీద ఒకటి, గుట్ట.
నావీ అందులో పడేశాను.
లోపల ఒక పెద్దావిడ నన్ను పైనుంచి కిందికి చూసి
"నిద్రలేదా నీకు?" అంది,
పేరు అడక్కముందే.
గోడకి ఆనుకుని నిలబడే నిద్రపోయాను.
తబలాకన్నా పెద్దదైన ఆ కెబెరో మోత కూడా నన్ను లేపలేదు.

బయటికొచ్చేసరికి నా బూట్లు లేవు.
మిగిలిన జత తొడుక్కున్నాను.
ఒక సైజు పెద్దవి, ఎడమదాని ముందువైపు
మడిచి కుక్కిన వార్తాపత్రిక.
ఎవరివో తెలీదు.
టక్కుటక్కుమంటూ
బస్టాపు దాకా నడిచాను.