చల్లారడం

మేము కాఫీ నిండా పొయ్యం.
నిండా పోస్తే, తాగి లేచి పొమ్మని అర్థం.
కప్పు అడుగున రెండు గుక్కలు, అంతే.
తీసుకెళ్ళి పెట్టింది మా పెద్ద మేనల్లుడు.
యాలకులు దంచి కాచింది నేను.
తెర వెనక నిలబడి వింటున్నదీ నేనే,
ఫిద్దాని, నవ్వాఫ్‌కి అక్కని.

పద్దెనిమిది మంది వచ్చారు.
గుమ్మం ముందు చెప్పుల మీద
కరక్ కొండల తెల్ల దుమ్ము.
అందరికంటే ముందు హాజీ దైఫల్లా,
ఆయన ముందు ఒక్కటే కప్పు.
ముట్టుకోలేదు.
"నా కాఫీ నేను తాగను నవ్వాఫ్,
వచ్చిన పని అయ్యేదాకా."

పని ఏమిటో ఊరందరికీ తెలుసు.
నీళ్ళ ట్యాంకర్ వెనక్కి తీస్తూ
ఫవ్వాజ్ మా హైథమ్ కాలు విరిచాడు, రెండు చోట్ల.
తొమ్మిదేళ్ళ కాలు.
ఫవ్వాజ్ ఈ గదిలో లేడు, ఉండకూడదు.
వీధి మలుపులో ఎవరిదో పికప్‌లో
తల వంచుకుని కూర్చున్నాడట.

నా తమ్ముడి జేబులో వకీలు రాసిచ్చిన కాగితం ఉంది.
ఇస్త్రీ చొక్కాకి అక్కడొక్కటే ముడత.

కోర్టు సంగతి నన్నడగండి.
బావి వంతు కోసం
మా ఆడపడుచు గజ్వా మీద పదకొండేళ్ళు తిరిగాను.
నలుగురు జడ్జీలు మారారు,
నా పళ్ళు రెండు ఊడాయి.
గెలిచాను.
గెలిచిన రోజు మాంసం వండి ఎవరికైనా పంపుదామనుకుంటే,
ఆ గిన్నె వెళ్ళాల్సిన ఇల్లు
గజ్వాది ఒక్కటే.

లోపల ఎవరో దగ్గారు.
ఈపాటికి కప్పు మీద ఆవిరి ఆగిపోయి ఉంటుంది.
అతిథి ముందు చల్లారిన కాఫీ ఉంచానని తెలిస్తే
మా అమ్మ చెవి మెలిపెట్టేది.
వెళ్ళి మార్చడానికి లేదు.
దాన్ని అలా చల్లారనివ్వడమే
ఇవాళ్టికి మర్యాద.

అప్పుడు నవ్వాఫ్ అడిగాడు.
దీనార్ల సంగతి కాదు.
"ఆ ట్యాంకర్‌కి ఎడమ అద్దం పగిలిందని
మీలో ఎవరెవరికి తెలుసు?"

ఒక్క తల కూడా కదల్లేదు.
ఎంతసేపో.
"నాకు తెలుసు," అన్నాడు దైఫల్లా.
"రంజాన్ ముందు నుంచీ తెలుసు.
బాగు చేయించరా అందామనుకుని,
నీళ్ళయితే వస్తున్నాయి కదా అని ఊరుకున్నాను."
"నాకూ," అన్నారు గోడ వైపు నుంచి.
ఇంకొకరు. మరొకరు.
తడిబట్ట పిండుతుంటే చివరి చుక్కల్లా.

అన్నిటికన్నా ఆఖర్న నా తమ్ముడు:
"నేను ఆ అద్దంలోనే మీసం దువ్వుకునేవాణ్ణి.
నాలుగు ముక్కల్లో నాలుగు మొహాలు కనిపిస్తే
నవ్వుకునేవాణ్ణి."

తెర పట్టుకుని నాలో నేను
నాకు తెలియదనుకున్నాను.
ప్రతి బుధవారం గొట్టం పట్టుకుని
డ్రమ్ము నిండేదాకా
ఆ అద్దం పక్కనే నిలబడతాను.

"నీ కాఫీ తాగు హాజీ."

ఆసుపత్రి ఖర్చు వాళ్ళది.
అద్దం రేపే మార్చాలి.
కట్టు విప్పేదాకా, ఆ ఎత్తు మీది బడికి
పొద్దునా సాయంత్రం
పిల్లాణ్ణి ఫవ్వాజే వీపున మోసుకెళ్ళాలి.
ఎవరూ రాసుకోలేదు.
పద్దెనిమిది మంది విన్నారు, చాలు.

ముసలాయన రెండు గుక్కల్లో తాగేశాడు
ఆ చల్లటి చేదుని,
మొహం చిట్లించకుండా.

ఫవ్వాజ్‌ని పిలుచుకొచ్చారు.
నవ్వాఫ్ భుజాలు పట్టుకుని
వాడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.
హైథమ్ మాత్రం దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.
వాణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు మరి.
వీధిలో ఏ బండి వెనక్కి కూస్తూ వచ్చినా
ఇప్పటికీ చెవులు మూసుకుంటాడు.

అందరూ వెళ్ళాక కప్పులు కడిగాను.
నా కోసం కొంచెం పోసుకుని
పొయ్యి గట్టు మీద పెట్టుకున్నాను.
ఇందాకటి నుంచీ వేలు ముంచి చూస్తున్నాను.
నాది
ఇంకా చల్లారలేదు.