భీమిలిలో తీసివేతలు

రైలు నలభై నిమిషాలు లేటు.
రెండు టీలు తాగేసి, మూడోది వద్దులే అనుకుంటుండగా
దిగింది నూకరత్నం.
చంకలో గోనెసంచి, సంచిలో పార్వతీపురం చింతపండు,
తడిగుడ్డలో వేళ్లు చుట్టిన ఏదో మొక్క.
"ఏటే, మరీ ఇంత సన్నబడిపోయావు!"
తొమ్మిది కిలోలు పెరిగానని నా జాకెట్టు కుట్లకు తెలుసు.
అయినా సన్నబడ్డావంటే
కాదనేదెవరు?

రెండు రోజులకీ పెద్ద పట్టీ రాసి ఉంచాను:
కైలాసగిరి, సబ్‌మెరైను, సింహాచలం, పాతవూళ్లో మూడు కొండలూ.
తొమ్మిదొందల కే బస్సులో కుడివైపు కిటికీ దొరికింది.
ఆ కాగితాన్నే పొట్లం చుట్టి పల్లీలు పోయించుకుంది.
రుషికొండ దాటేసరికి
సింహాచలం నూనె మరకలో కలిసిపోయింది.
మంగమారిపేటలో వలలు ఆరేసి ఉన్నాయి.
"నీలం రంగువా?" అంది.
"పచ్చవి."
"ఆఁ, పచ్చవే."

లాడ్జి దుప్పటికి సిగరెట్టు కన్నాలు మూడు.
సాయంత్రం ఇసకలో చెప్పులు విడిచాం,
ఎక్కడ విడిచామో వెతుక్కోవడానికే గంట పట్టింది.
గోస్తనీ సముద్రంలో కలిసే చోట
నీళ్లు ఎక్కడ ఉప్పనవుతాయో తేల్చుకుందామని
అడుగుకో పుడిసెడు నోట్లో పోసుకున్నాం, ఉమ్మేశాం.
గేలం వేసుకున్న కుర్రాడు మమ్మల్ని చూసి జాలిపడ్డాడు.

రాత్రి కరెంటు పోయింది.
హాస్టల్లో మనకి గరిటెడు ఎక్కువ పోసే అప్పన్న
మొన్న వేసంగిలో పోయాడని చీకట్లో చెప్పింది.
కాసేపు ఇద్దరం ఊరుకున్నాం.
తర్వాత ఎందుకో నవ్వొచ్చింది,
పక్క గదివాళ్లు గోడ కొట్టేదాకా.

ఆదివారం పొద్దున్న ఒలందా వాళ్ల సమాధులు.
రాతి మీద భాష ఇద్దరికీ రాదు.
అంకెలొచ్చు.
ముప్పైయొక్క ఏళ్ల లెక్కల టీచరు
ఆ అంకెల్ని వేలితో తడుముతూ
నన్ను బోర్డు ముందు నిలబెట్టేసింది.
"ఏడులోంచి తొమ్మిది పోదు.
పక్కింటి నుంచి ఒకటి అప్పు తెచ్చుకో. ఎంత?"
"ఇరవై ఎనిమిది."
"ఇదీ?"
"ముప్పై మూడు."
ఆ మూల చిన్న రాయి.
అక్కడ తీసెయ్యడానికి ఏమీ లేదు,
పైనా కిందా ఒకటే ఏడు.
ఒక మేక వచ్చి దాని పక్క గడ్డి పీకింది.
ఏ గుడ్డల బేళ్ల కోసం వచ్చారో,
ఇంటికి రాసిన ఉత్తరంలో ఈ ఉక్కపోతని ఏమన్నారో.

అప్పు అంటే గుర్తొచ్చింది.
"ఫైనలియర్ పరీక్ష ఫీజు నువ్వే కట్టావు.
మూడొందల నలభై. ఇవ్వనేలేదు నేను."
రత్నం రాతి మీంచి వేలు తియ్యలేదు.
"అప్పిచ్చిన అంకె నెత్తిన చిన్న గీత పెడతాం, అంతే.
తిరిగిచ్చే లెక్క ఏ క్లాసులోనూ లేదే."
కొట్లో నిమ్మసోడాకి డబ్బులు మాత్రం
నన్నే ఇమ్మంది.

సాయంత్రం ప్లాట్‌ఫారం మీద
ఎస్ ఏడు ముందే నిలబడి
"ఎస్ ఏడు ఎటే?" అంది.
నేను గబుక్కున చెప్పబోయాను.
చెప్పలేదు.
వలలు, రాతి మీద వేలు, నా తొమ్మిది కిలోలు,
ఒక్కొక్కటే వెనక్కి పోయి కూడుకున్నాను.

తన చెయ్యి అందుకుని
తలుపు పక్క కమ్మీ మీద పెట్టాను.
"రెండో మెట్టు," అన్నాను,
"కొంచెం ఎత్తుగా ఉంటుంది."