నాలుగోది

కాశీబుగ్గలో ఫొటోఫ్రేముల కొట్టు మీద గది.
ఆదివారం మూడున్నర,
రేకుల కప్పు ఇంకా కాలుతూనే ఉంది.
బెహరా మాస్టారు బల్ల మీద నలిగిన పొందూరు పంచె పరిచి
దాని మీద కుప్పగా పెట్టారు:
అంచున సొట్టపడ్డ బుడితి చెంబు,
మూతలేని పచ్చడి జాడీ,
నేను తెచ్చిన జీడిమామిడి పళ్ళు రెండు,
ఒకటి ఎరుపు, ఒకటి పసుపు,
పిక్కలు ఊడనివి.

"సర్దు" అన్నారు.

సర్దడం నాకు రాకేం?
పదకొండేళ్ళుగా సర్దుతున్నదాన్నే.
ఫ్యాక్టరీలో నా చేతి కింద
గుండు గుండు పక్కకి, బద్ద బద్ద పక్కకి.
రెండొందల పది, రెండొందల నలభై, మూడొందల ఇరవై,
పౌనుకి ఎన్ని తూగుతాయో
కళ్ళకంటే ముందు వేలికొసలు చెప్పేస్తాయి.
ఒక తీరువన్నీ ఒక చోట.
తేడా ఉన్నది గంపలోకి.

అలాగే పెట్టాను.
చెంబు సరిగ్గా నడిమధ్య,
ఇటో పండు, అటో పండు,
వెనకాల జాడీ.

"ఏటలాగ, దాలమ్మా!
పెళ్ళి ఫొటోకి నిలబెట్టినట్టు నిలబెట్టీసినావు.
ఊపిరి బిగబట్టుకుని ఉన్నాయి పాపం."

పాత శుభలేఖ అట్టకి కిటికీ కోసి చేతికిచ్చారు.
పెళ్ళికొడుకు పేరు సగమే మిగిలింది దాని మీద.
ఒక కన్ను మూసి అందులోంచి చూడాలట.
బల్ల అంచు బొమ్మని సగానికి కొయ్యకూడదట.
"చెంబు బొజ్జ జాడీ బొజ్జకి ఆనీ ఆననట్టు ఉండకూడదు.
అయితే ఒకదాని ఎనకాల ఒకటి నక్కాల,
లేదంటే ఎడంగా జరగాల.
ఆనీ ఆనని చోట కన్ను ఇరుక్కుపోతాది."

మా గోడకీ తోటికోడలి గోడకీ మధ్య
జానెడు సందు గుర్తొచ్చింది.
తొమ్మిదేళ్ళ తగువంతా అందులోనే ఇరుక్కుని ఉంది.
చెంబుని గబుక్కున వెనక్కి జరిపాను.

అగ్గిపెట్టెంత గళ్ళు ఆరు గియ్యమన్నారు.
ఒక్కో గడిలో ఒక్కోలా సర్దమన్నారు.
ఆరో గడికి వచ్చేసరికి
"చెంబు గియ్యకు. చెంబు పక్కనున్న ఖాళీని గియ్యి."

ఖాళీని!
కిలోకింతని కూలి లెక్క నాది.
ఖాళీని తూకం వేసిన మేస్త్రీని
ఇంతవరకూ చూళ్ళేదు.
అయినా గీశాను.
పిక్కలు కొట్టిన రోజుల్లో జీడిపాలకి కాలి
నల్లబడిన బొటనవేలు
తెల్లటి ఖాళీ మీద ముద్రేసింది.
రబ్బరుతో రుద్దినా పోలేదు.

అప్పుడే గూడ్సు వచ్చింది.
పలాస స్టేషన్ వైపు
యాభై పెట్టెలో అరవయ్యో, లెక్కపెట్టలేదు.
ఫ్రేముల కొట్లో అద్దాలు గలగలమన్నాయి, బల్ల వణికింది,
పసుపు పండు పంచె మడత దిగి,
అంచు దాకా దొర్లి,
ఒక్క క్షణం ఆలోచించి,
కింద పడింది.

నేను వంగేలోపే మాస్టారు తీసుకున్నారు.
చొక్కాకి తుడిచి,
పిక్క తిప్పి ఊడదీసి జేబులో వేసుకుని,
సొరుగులోంచి ఉప్పు పొట్లం తీసి
కసుక్కున కొరికారు.
గడ్డం మీదికి రసం కారుతుండగా
"ఇప్పుడు సూడు" అన్నారు.

చూశాను.
చెంబు సొట్ట దగ్గర ఆగిన వెలుగు
మడతల మీదుగా ఎర్ర పండు దాకా దిగి,
జాడీ నీడలోకి దూరి,
మళ్ళీ సొట్ట దగ్గరికే వస్తోంది.
పసుపు పండు ఉన్నచోట
పంచె మీద చిన్న పల్లం.
చూపు అక్కడ కాసేపు కూర్చుంటోంది.

"మాస్టారూ, మరి నాలుగోది..." అనబోయాను.
ఆయన గొంతు పట్టేసింది, జీడిపండు వగరు.
నీళ్ళు, నీళ్ళు అని చేత్తో సైగ.
చెంబు మీదికి నా చెయ్యి పోగానే
కళ్ళు పెద్దవి చేసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపారు.
కదపకూడదు!
గ్లాసు కోసం కొట్లోకి మెట్లు దిగి పరిగెత్తాను.

సోమవారం.
గ్రేడింగు బల్ల మీద తవుడమ్మ మోచెయ్యి,
దాని పక్కన ట్రే, ట్రేకి ఆనీ ఆననట్టు టీగ్లాసు.
గ్లాసుని కొంచెం ఎడమకి జరిపాను.
"ఏటే?" అంది.
"ఏం లేదు, తాగు."

మూడొందల ఇరవై గుండ్ల మధ్య
ఒక బద్ద వెల్లకిలా పడి ఉంది.
తీశాను, తియ్యాలి కదా.
తీసేముందు
ఒక కన్ను మూశాను.