నీటి కింద రాత

చేపల కార్ఖానా క్యాంటీన్‌లో పదకొండు మందిమి,
ఒక కాఫీ కెటిల్,
నలభై రెండు పేజీల ఒప్పందం.
చదవడం నా వంతు.
ఈ దీవి సహకార సంఘానికి లెక్కలు రాసేది నేనే కాబట్టి
చిన్న అక్షరాలు కూడా నాకే కనిపించాలట.

బయట ఫారో గాలి
రేకుల కప్పును గోళ్లతో గీరుతోంది.

రెండో పేజీలోనే ఆగాను.
అమ్మకం అన్న మాట ఎక్కడా లేదు.
తీగ వాళ్లది, తొడుగు వాళ్లది,
ఒడ్డున దాన్ని పైకి లాగే గది వాళ్లది.
మనకొచ్చేది పదిహేనేళ్లపాటు
వెనక్కి తీసుకోలేని వినియోగ హక్కు.

"అంటే?" అంది సున్నువా, ఊలు అల్లుతూనే.
"ఇల్లు మనది కాదు.
ఖాళీ చెయ్యమనడానికి వాళ్లకీ వీల్లేదు."
"ఓహో, మా అత్తగారింట్లో నేనున్నట్టు."

డబ్బు ముందే, మొత్తం, ఒక్క దెబ్బన.
ఆపైన ఏటేటా నిర్వహణ రుసుము,
ఏడాదికి మూడు శాతం పెరుగుతూ,
మా చేప ధర పెరిగినా, పెరగకున్నా.

రెండు గాజు పోగులు, తలవెంట్రుకంత సన్నం.
చీకటిగానే అప్పగిస్తారు.
వెలిగించుకునే పూచీ కొన్నవాళ్లదే.
ఈ వాక్యం దగ్గర ఎవరూ నవ్వలేదు.
నవంబరులో ఇక్కడ
మూడింటికే దీపాలు పెడతాం.

అప్పగించాక ముప్పై రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే
పరీక్ష నెగ్గినట్టే లెక్క.
మౌనం అర్ధాంగీకారమని పెద్దల మాట.
ఈ కాగితంలో సగాలు లేవు.

తెగితే, మరమ్మతు ఓడ
పదిహేను రోజుల్లో బయలుదేరును,
వాతావరణం అనుకూలించిన యెడల.
నర్సు బిరిటా కప్పు కింద పెట్టింది.
ఆరేళ్ల కిందట పాత తీగ తెగినప్పుడు
ఎవరిదో ఊపిరితిత్తుల బొమ్మ
పదకొండు రోజులు ఆమె యంత్రంలోనే ఉండిపోయింది,
తోర్షావ్న్‌లో డాక్టరు ఎదురుచూస్తుండగా.
ఎవరిదో ఆమె చెప్పలేదు.
మాకందరికీ తెలుసు.

పందొమ్మిదో నిబంధన:
భూకంపము, యుద్ధము, మంచుగడ్డ,
మూడో పక్షం వారి లంగరు లేక వల.
వీటికి అమ్మకందారు బాధ్యుడు కాడు.

"మళ్లీ చదువు," అన్నాడు డెమ్ముస్.

ఆయన సభ్యుడు కాదు.
వెచ్చదనం కోసం వచ్చి తలుపు పక్కన కూర్చున్నాడు,
పడవ అమ్మేసినప్పటి నుంచీ అలాగే వస్తాడు.
మళ్లీ చదివాను.
"మూడో పక్షం అంటే ఎవరు?"
"ఇందులో సంతకం లేని వాళ్లు ఎవరైనా."

కెటిల్ చల్లారేదాకా ఏమీ అనలేదు.
ఆ చలికాలం ఆయన వల ఒకటి
బాగు చెయ్యకుండా కొత్తది కొన్నాడని,
పాతది రాత్రిపూట సముద్రంలో వదిలేశాడని
ఒడ్డున ఒక మాట ఉండేది.
ఎవరూ అడగలేదు. అడిగితే
చెప్పాల్సి వస్తుంది కదా, ఆయనకీ, మాకూ.

"అయితే నేనూ చేస్తాను సంతకం," అన్నాడు.

దానికి గడి లేదని చెప్పాను.
పెన్సిల్ అడిగాడు.
ఒప్పందం వెనక, తెల్ల కాగితం మీద
చూడకుండానే తీరం గీశాడు,
ప్రతి వంపూ, ప్రతి రాతిపలకా,
వల అడుగంటే చోటా.
ఒక చోట చెయ్యి నిలిచింది. అడ్డంగా రెండు గీతలు.
"మా వాళ్లకి చెప్తాను, ఇక్కడ వలలు దించొద్దని."
కింద పేరు. తేదీ మాత్రం
ఆరేళ్ల కిందటిది వేశాడు.

మాట తప్పేవాడిది నీటి మీద రాత అంటారు.
ఇది నీటి కింద రాత,
ఎనభై బారల లోతున
చలిలో, బురదలో, ఎవరూ చదవని చోట.

కంపెనీ లాయరు ఆ కాగితం ఒప్పుకోడు, నాకు తెలుసు.
అనుబంధం అని పైన రాసి
గుండుసూదితో గుచ్చాను.

సున్నువా వరస పూర్తి చేసి
ఊలు తెంపింది, పళ్లతో.