ఎనిమిది రూపాయల వేలు

నా దశ తిరిగిన రాత్రి
నేను నిద్రపోతున్నాను.
అందుకే ఎవరడిగినా సరిగ్గా చెప్పలేను.
చెప్పేవన్నీ అమ్మ చెప్పినవే.

కోడంబాకం గేటు పడితే
రైలు పోయేదాకా రిక్షాలోనే
నా మోకాళ్లకి పౌడరు రాసేదట.
"నల్లగా కనబడితే ఆర్ముగం
వెనక్కి నెట్టేస్తాడే, చూడామణీ!"
ముందు వరసకి పన్నెండు, వెనక వరసకి ఎనిమిది.
నెలాఖరున ఆ నాలుగు రూపాయలే
బియ్యమో, అద్దెో తేల్చేవి.

వడపళనిలో ఓ పెంకుటింటి వెనక గది మాది.
బిందెల వరసలో తమిళం వచ్చింది,
స్టూడియోలో గుంపు వెనక తిట్లు వచ్చాయి.
బడి మాత్రం రాలేదు.
పెళ్లి సీన్లలో అక్షింతలు వేశాను,
వరద సీన్లో తడిసి మూడు రోజులు దగ్గాను,
పుట్టినరోజు సీన్లో
కేకు కోసే పిల్లకి చప్పట్లు కొట్టాను.
అది సున్నం కేకు. నాకి చూశాను గనక తెలుసు.

ఆ రోజు,
చచ్చిపోవాల్సిన పాపకి అమ్మవారు పోసింది.
గౌను నాకే సరిపోయింది.
"కళ్లు మూసుకో, ఊపిరి బిగబట్టు" అన్నారు.
ఆరు టేకులు. ఆరుసార్లూ రెప్పలు అదిరాయి.
"ఈ పిల్లకి చావడం కూడా రాదు"
అన్నాడట మేకప్పాయన.
రాత్రి రెండున్నరకి హీరోగారి విగ్గు జారింది.
అది అతికించి వచ్చేసరికి
లైట్ల వేడికి, పరుపు మెత్తదనానికి
నిజంగానే పోయాను
నిద్రలోకి.
ఇంట్లో మాకు చాపే కదా.

కెమెరా తిరిగింది.
హీరోగారు గుండె బాదుకున్నారు.
ఏడవమన్నవాళ్లంతా ఏడుస్తున్నారు.
మూడో వరసలోంచి ఒక ఆడమనిషి
ఎవరూ చెప్పకుండానే
సుద్దగీత దాటి వచ్చి
నా ముక్కు కింద వేలు పెట్టింది.

డైరెక్టరు కట్ అనలేదు.

నూరు రోజులాడింది.
హాల్లో జనం ఆ వేలు చూసి ఏడ్చారు,
పేరేమో నాకొచ్చింది: బేబీ చూడామణి.
పోస్టర్ మీద నా మొహం, రిక్షా బదులు కారు,
ఫ్రాకుల కొలతలకి ఇంటికే వచ్చే టైలరు,
నిజం కేకు.

మొన్న టీవీలో మళ్లీ వేశారు.
నా మొహం చూసుకోలేదు.
తెర దగ్గరికెళ్లి చూస్తే
గోటి పక్కన చిన్న కత్తిగాటు.
ఆ ఉదయం ఏ కూర తరిగిందో.
తన జన్మలో అదొక్కటే క్లోజప్.
మొహం లేదు, మాట లేదు, టైటిల్సులో పేరూ లేదు.

వెనక వరస కాబట్టి ఎనిమిది ఇవ్వాలి.
గీత దాటిందని
ఆర్ముగం రెండు కోసుకున్నాడు.