సవాయి

గ్రిమ్స్‌బీ రేవు వెనక చేపల ఫ్యాక్టరీలో
పద్నాలుగేళ్లుగా నా పని ఫలితాలు చదవడం.
మాకెరెల్ ముక్క నూరి, వడగట్టి
హిస్టమిన్ ఎంతుందో కాగితం మీద వేస్తాను.
పాస్. ఫెయిల్. కింద నా పొట్టి సంతకం.
"కనబడలేదు" అంటే "లేదు" కాదని
కొత్తగా చేరిన పిల్లలకి నేనే చెబుతాను.

ఆ మాటే నాకు చెప్పడానికి
ఫిబ్రవరిలో ఒక నర్సు కావలసి వచ్చింది.

మూడో వారం నెగటివ్ అని మెసేజ్ వస్తే
బస్సులోనే నవ్వేశాను.
ఒక రాత్రి, సొరుగులో ఉన్నది తీయడానికి
ఇద్దరికీ బద్ధకం. గట్టెక్కాననుకున్నాను.
"మరీ తొందరగా చూశాం," అంది మోరాగ్ ఫోన్లో.
"రక్తానికి సంగతి తెలియాలంటే వ్యవధి పడుతుంది.
పన్నెండో వారం మళ్లీ రండి."

పన్నెండో వారానికి రక్తానికి తెలిసింది.
పుండు లేచి, నొప్పైనా లేకుండా మానిపోయి ఉంటుందట,
నా ఒంట్లోనే, నాతో చెప్పకుండా.

మా తాత ధర్మాసుపత్రిలో కాంపౌండరు.
సవాయి అనేవాడు, గొంతు తగ్గించి, కిటికీ వైపు చూసి.
నేనేమో ఒకటింబావు ఎక్కం అనుకునేదాన్ని.
తర్వాత పుస్తకాల్లో సుఖవ్యాధి అన్నారు.
ఆ పేరు పెట్టినవాడికి లెక్కలు రావు:
సుఖం పావుగంట.

మోరాగ్ కరపత్రం వెనక రెండు గీతలు గీసింది.
"మొదటి పరీక్ష టాటూ లాంటిది. జబ్బు నయమైనా
దాదాపు జన్మంతా పాజిటివ్ అనే చూపిస్తుంది. బెదరొద్దు."
మా నాయనమ్మ ముంజేతి మీద తేలు పచ్చబొట్టు
చితి దాకా ఆమెతో వెళ్లింది.
ఏనాడూ కుట్టలేదు.
"రెండోది అంకె. మీది ఒకటికి ముప్పై రెండు.
రక్తాన్ని అంత పలచన చేసినా ఇంకా పలుకుతోంది.
ఇది దిగాలి. నాలుగో వంతుకి దిగితే మందు గెలిచినట్టు."

పలచన చేయడం నాకు తెలుసు, రోజూ చేసేదే.
మర్నాడు పిపెట్ పట్టుకుంటే చెయ్యి నిలవలేదు.

రెండు పిరుదులకీ రెండు సూదులు.
గడ్డకట్టిన తేనెలా పెన్సిలిన్, మొరాయిస్తూ దిగింది.
ఆ రాత్రి చలిజ్వరం. రెండు రోజులు సైకిల్ ఎక్కలేదు.

కీరన్‌కి నేనే ఫోన్ చేశాను.
"నా నుంచేనా?" అన్నాడు.
"ఎవరి నుంచో రక్తం రాయదు. వెళ్లి చూపించుకో."
కాసేపు సముద్రపక్షుల అరుపులే,
అతని వైపూ, నా వైపూ.

జూన్‌లో పదహారు. ఒక్క మెట్టు లెక్కలోకి రాదట.
ఎక్కాలు వెనక్కి చదివే పిల్లలా
వేసవంతా గొణుక్కున్నాను.
సెప్టెంబరులో మోరాగ్ ఎనిమిది అంది,
నేను పలకకపోతే, మళ్లీ ఎనిమిది అంది.

ఇవాళ కొత్తపిల్ల ఒక రిపోర్టు పట్టుకొచ్చింది.
"ఉన్నట్టు వచ్చింది మేడమ్. పారేయడమేనా?"
కళ్లద్దాలు తుడుచుకున్నాను.
"ఎంత ఉందో చూడు ముందు," అన్నాను.
"మొన్న ఎంత ఉండేదో అది కూడా పట్రా."